వర్డ్ ఫైల్ పోయిందా? ముందు ఎలా పోయిందో చూసుకోండి

విశాఖ ద్వారకా నగర్‌లో జిరాక్స్ షాపులూ డీటీపీ సెంటర్లూ వరసగా ఉండే సందుల్లో, ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళ థీసిస్‌లు, ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్ట్ రిపోర్టులు ప్రింటుకి వచ్చే రోజుల్లో కాసేపు నిలబడితే "అన్నా, నా ఫైల్ పోయిందన్నా" అనే మాట వినపడకుండా ఉండదు. పని తెలిసిన కుర్రాడైతే మౌస్ ముట్టుకోకముందే "ఏటయింది? ఎలాగ పోయింది?" అని అడుగుతాడు. తెలియనివాడైతే గూగుల్‌లో ఫ్రీ రికవరీ సాఫ్ట్‌వేర్ అని కొట్టి, మొదట ఏది కనపడితే అది డౌన్‌లోడ్ చేసి అదే సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేసేస్తాడు. ఈ రెండోవాడి చేతిలో పడితే దొరకాల్సిన ఫైల్ కూడా దొరక్కుండా పోయే ఛాన్స్ ఉంది, ఎందుకో కిందకి వెళ్ళాక చెప్తా.

విషయం ఏంటంటే ఫైల్ పోవడం ఒక్క రకంగా జరగదు. టైప్ చేస్తుంటే కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోవడం ఒకటి, క్లోజ్ చేసేటప్పుడు కంగారులో డోంట్ సేవ్ నొక్కేయడం ఒకటి, పాత ఫైల్ మీద కొత్తది సేవ్ చేసేయడం ఇంకోటి, డిలీట్ అయిపోవడం ఇంకోటి, ఫైల్ కళ్ళెదురుగా ఉన్నా ఓపెన్ అవ్వకపోవడం ఇంకోటి. ఇవి కాక, ఫైల్ ఓ ఫోల్డర్లో భద్రంగా ఉంటే మనం ఇంకో ఫోల్డర్లో వెతుక్కుంటూ ఏడవడం, ఇది నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువ. వీటిలో ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదానికి పనికిరాదు. అసలు సేవే చేయని డాక్యుమెంట్ కోసం డిలీటెడ్ ఫైల్స్ వెతికే సాఫ్ట్‌వేర్ పెట్టి రాత్రంతా స్కాన్ చేయించే వాళ్ళున్నారు, దానివల్ల కరెంటు బిల్లు తప్ప ఏం రాదు.

ముందు అసలు సంగతి. మనం టైప్ చేసిన అక్షరం మొదట పడేది ర్యామ్‌లో. కరెంటు ఉన్నంతసేపే అక్కడ ఉంటుంది, పోతే పోయినట్టే, దాన్ని ఏ మొనగాడూ వెనక్కి తేలేడు. కాబట్టి మనం అడగాల్సింది ఒక్కటే, ఆ అక్షరాలు డిస్క్ మీదకి ఎప్పుడైనా చేరాయా, చేరితే ఏ పేరుతో ఎక్కడ చేరాయి అని.

చేరడానికి వర్డ్‌లో కొన్ని దార్లున్నాయి, జనం వాటన్నిటినీ ఒకటే అనుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. కంట్రోల్ ఎస్ సంగతి అందరికీ తెలుసు. దాని తర్వాత ఆటోరికవర్ అని ఒకటుంది. ఇది మన ఫైల్‌ను సేవ్ చేయదు, పక్కన వేరే ఫోల్డర్లో ఇంకో కాపీ రాసి పెడుతుంది, మామూలుగా 10 నిమిషాలకోసారి. మనం పద్ధతిగా సేవ్ చేసి బయటకి వచ్చేస్తే ఆ కాపీతో ఇక పనిలేదని వర్డ్ దాన్ని తీసేస్తుంది. ఇక ఆటోసేవ్ అని పైన ఎడమ మూలలో ఓ స్విచ్ కనపడుతుంది చూడండి, అది పూర్తిగా వేరే వ్యవహారం, మైక్రోసాఫ్ట్ 365 ఉండి, ఫైల్ నెట్‌లో దాచుకునే మైక్రోసాఫ్ట్ వాళ్ళ వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉంటేనే అది ఆన్ అవుతుంది, అప్పుడు కొన్ని సెకన్లకోసారి అసలు ఫైల్‌లోకే సేవ్ అయిపోతూ ఉంటుంది. ఫైల్ డీ డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉంటే ఆ స్విచ్ ఉన్నా లేనట్టే. "నాకు ఆటోసేవ్ ఉంది కదండీ, ఎలా పోతుంది" అనే వాళ్ళలో చాలామందికి ఉన్నది నిజానికి 10 నిమిషాల ఆటోరికవర్ మాత్రమే.

ఇప్పుడు కరెంటు కేసు. మన ఊళ్ళో వానాకాలం సాయంత్రాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, గట్టిగా ఓ ఈదురుగాలి వస్తే కరెంటు పోతుంది, డెస్క్‌టాప్ కింద ఉన్న యూపీఎస్ బ్యాటరీ మార్చి ఏళ్ళయి ఉంటుంది, అది ఒక్కసారి కుయ్యిమని ఆగిపోతుంది. ఇలా ఆగితే సిస్టమ్ ఆన్ చేశాక చేయాల్సింది వర్డ్ ఒక్కటే ఓపెన్ చేయడం. ఎడమపక్క డాక్యుమెంట్ రికవరీ అని ఓ పట్టీ వస్తుంది, కొత్త వెర్షన్లలో ఐతే మొదటి స్క్రీన్ మీదే రికవర్డ్ ఫైల్స్ చూపించమంటారా అని అడుగుతుంది. అందులో ఒకే ఫైల్‌కి రెండు మూడు పేర్లు కనపడొచ్చు, ఒకటి మీరు ఆఖరున సేవ్ చేసింది, ఇంకోటి ఆటోరికవర్ రాసింది, పక్కన టైమ్ ఉంటుంది, ఒక్కోటి తెరిచి చూసి కావాల్సినదాన్ని సేవ్ యాజ్ కొట్టి వేరే పేరుతో పెట్టుకోండి. కంగారులో ఆ పట్టీని క్లోజ్ చేయకండి. చేస్తే తర్వాత చూసుకుంటారా, తీసేయమంటారా అని ఇంకో ప్రశ్న అడుగుతుంది, జనం చదవకుండా తీసేయి అని నొక్కేస్తారు, అంతే సంగతులు.

పట్టీ రాలేదనుకోండి, అప్పుడు చేత్తో వెతకాలి. విండోస్ బటన్ నొక్కి పట్టుకుని ఆర్ కొడితే రన్ బాక్స్ వస్తుంది, అందులో శాతం గుర్తు, దాని పక్కన యాప్‌డేటా అని ఇంగ్లీషులో, మళ్ళీ శాతం గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ చేస్తే రోమింగ్ అనే ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో మైక్రోసాఫ్ట్, దాంట్లో వర్డ్. అక్కడ ఆటోరికవరీ సేవ్ ఆఫ్ అని మొదలై మీ ఫైల్ పేరుతో, చివర ఏఎస్‌డీ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఏదన్నా ఉందేమో చూడండి. ఉంటే ముందు దాన్ని కాపీ చేసి డెస్క్‌టాప్ మీదో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టేయండి, ఆ తర్వాతే మిగతా ప్రయోగాలు. స్టార్ట్ మెనూలో సెర్చ్ కొడితే మాత్రం ఇది దొరకదు, ఎందుకంటే విండోస్ సెర్చ్ మామూలుగా యాప్‌డేటా ఫోల్డర్ లోపలికి వెళ్ళదు, పైగా ఆ ఫోల్డర్ దాచిపెట్టి ఉంటుంది. ఇంకో చిన్న మెలిక, ఈ ఫోల్డర్ ఒక్కో విండోస్ లాగిన్‌కీ ఒక్కోటి. ఇంట్లో పాప లాగిన్‌లో టైప్ చేసి నాన్నగారి లాగిన్‌లో వెతికితే ఏముంటుంది, ఖాళీ ఫోల్డర్ తప్ప.

డోంట్ సేవ్ నొక్కేసిన కేసు దీనికి అన్నదమ్ముల వరస కానీ ఫోల్డర్ వేరు. పేరు కూడా పెట్టని కొత్త డాక్యుమెంట్‌ను అలా క్లోజ్ చేస్తే, ఆఫీస్ 2010 నుంచి వర్డ్ ఓ దయ చూపిస్తోంది, ఆఖరి ఆటోరికవర్ కాపీని అన్‌సేవ్డ్‌ఫైల్స్ అనే ఫోల్డర్లో 4 రోజులు ఉంచుతుంది. దారి ఇలా: ఫైల్ మెనూ, ఇన్ఫో, అక్కడ మేనేజ్ డాక్యుమెంట్ బటన్, దాని కింద రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్. నొక్కగానే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది, పేర్లు అర్థంకాకుండా ఉంటాయి కాబట్టి తేదీ, టైమ్ చూసి పట్టుకోవాలి. అంతకుముందే పేరు పెట్టి సేవ్ చేసిన ఫైల్‌లో ఇవాళ రెండు గంటలు పనిచేసి డోంట్ సేవ్ కొట్టి ఉంటే ఇక్కడ కాదు, అదే ఫైల్ మళ్ళీ ఓపెన్ చేసి ఇన్ఫోలోకి వెళ్తే, సేవ్ చేయకుండా మూసినప్పటి వెర్షన్ అని టైమ్‌తో సహా మేనేజ్ డాక్యుమెంట్ పక్కన కనపడుతుంది. ఇది చాలామందికి తెలీదు, తెలీక అదే ఫైల్‌లో మళ్ళీ మొదటినుంచి టైపింగ్ మొదలుపెట్టి సేవ్ చేస్తారు, దాంతో ఆ పాత కాపీ కూడా పోతుంది.

దీనికి ఓ షరతు ఉంది. ఒక్కసారైనా ఆటోరికవర్ నడిచి ఉండాలి. ఓ లెటర్ అయిదారు నిమిషాల్లో టైప్ చేసి ప్రింట్ తీసి డోంట్ సేవ్ కొట్టేస్తే, 10 నిమిషాల గంట కొట్టకముందే కథ ముగిసింది, డిస్క్ మీద ఏమీ పడలేదు. ఇలాంటప్పుడు మిగిలే ఆశ ఒకటే, క్లిప్‌బోర్డ్ హిస్టరీ ముందే ఆన్ చేసుకుని ఉంటే విండోస్ బటన్‌తో వీ కొట్టండి, మీరు కాపీ చేసిన ముక్కలు 25 దాకా వరసగా కనపడతాయి, మొత్తం సెలెక్ట్ చేసి ఎక్కడికైనా కాపీ చేసి ఉంటే లెటర్ అక్కడ ఉండొచ్చు. సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే పిన్ చేసినవి తప్ప మిగతావి పోతాయి, కాబట్టి ముందు ఇది చూశాకే రీస్టార్ట్.

ఇక్కడే ఇంకో బోల్తా కొట్టించే ఫైల్ గురించి చెప్పాలి. మీ ఫైల్ ఉన్న ఫోల్డర్లో హిడెన్ ఫైల్స్ చూపించు అని పెడితే, అల గుర్తు (~), డాలర్ గుర్తుతో మొదలై మీ ఫైల్ పేరులా ఉండే బుల్లి ఫైల్ ఒకటి కనపడొచ్చు. "దొరికింది దొరికింది" అని ఎగిరి గంతేస్తారు. సైజు చూడండి, ఒక్క కేబీ కూడా ఉండదు. అందులో మీ థీసిస్ లేదు, ఆ ఫైల్‌ను ఇప్పుడు ఎవరు తెరిచి ఉంచారో వాళ్ళ పేరు మాత్రమే ఉంటుంది, ఇంకొకరు అదే ఫైల్ ఓపెన్ చేస్తే ఫలానావాళ్ళు వాడుతున్నారు అని చెప్పడానికి. వర్డ్ మధ్యలో చచ్చిపోతే అది అలా మిగిలిపోతుంది. దాన్ని రికవర్ చేయించుకుందామని డబ్బులిచ్చినా ఉపయోగం లేదు.

పాతదాని మీద కొత్తది సేవ్ చేసేయడం, ఇది డీటీపీ షాపుల్లో రోజూ ఉండే తంటా. అద్దె అగ్రిమెంట్ తీసుకోండి. ఎంవీపీ కాలనీలో ఓ ఇంటికి టైప్ చేసిన 11 నెలల అగ్రిమెంట్ ఉంటుంది, సీతమ్మధార పార్టీ వస్తే అదే ఫైల్ తెరిచి, ఓనర్ పేరు, అద్దెకి దిగేవాళ్ళ పేరు, డోర్ నంబరు, అడ్వాన్సు మార్చి, అలవాటులో కంట్రోల్ ఎస్ కొడతారు. ఎంవీపీ కాలనీ అగ్రిమెంట్ అయిపోయింది. వాళ్ళు తర్వాత వచ్చి "బాబూ, మాది ఇంకో కాపీ ఇవ్వు" అంటే షాపులో ఉన్నది సీతమ్మధారది. డాక్యుమెంట్ ఇంకా మూయకపోతే చాలా తేలిక, సేవ్ చేసిన తర్వాత కూడా కంట్రోల్ జెడ్ పనిచేస్తుంది, పాతది వచ్చేదాకా కొడుతూ వెళ్ళి, సేవ్ యాజ్‌తో వేరే పేరు పెట్టి, మళ్ళీ కంట్రోల్ వై కొడుతూ కొత్తదానికి రావచ్చు. మూసేశాక మాత్రం వర్డ్ చేతిలో ఏమీ లేదు. ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ప్రీవియస్ వెర్షన్స్ అని ఓ ట్యాబ్ ఉంటుంది, అందరూ అది చూడమంటారు, కానీ పాత కాపీలు దాచిపెట్టే ఫైల్ హిస్టరీనో రీస్టోర్ పాయింట్లనో విండోస్‌లో ముందే ఆన్ చేసి ఉంటేనే అందులో ఏదన్నా ఉండేది, మన ఇళ్ళల్లో షాపుల్లో నూటికి తొంభై చోట్ల అది ఖాళీగానే వెక్కిరిస్తుంది.

వన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైల్ ఐతే వెర్షన్ హిస్టరీలో పాతవి ఉంటాయి, పర్సనల్ అకౌంట్‌లో ఆఖరి 25 వెర్షన్ల దాకా. అలాగని ఆటోసేవ్ ఆన్ చేసి కూర్చుంటే ఇంకో ప్రమాదం, పాత అగ్రిమెంట్ తెరిచి ఊరికే ఓ పేరు మార్చి చూద్దాం అనుకున్నా సరే, మీరు సేవ్ కొట్టక్కర్లేదు, అదే కొట్టేస్తుంది. అందుకే పాత ఫైల్‌ను అచ్చుగా వాడేటప్పుడు ముందు సేవ్ ఎ కాపీ చేసి, ఆ తర్వాతే పేర్లు మార్చాలి. వరస తప్పితే ఆటోసేవ్ అనేది వరం కాదు, శాపమే.

ఇక నిజానికి పోని ఫైల్‌ను పోయిందనుకోవడం సంగతి. మొదట చూడాల్సింది వర్డ్‌లో ఫైల్, ఓపెన్, రీసెంట్. అక్కడ ఫైల్ పేరు కింద అది ఏ ఫోల్డర్లో ఉందో రాసి ఉంటుంది. విండోస్‌లో వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయి ఉంటే డాక్యుమెంట్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్ లోపలికి మారిపోతుంది, అప్పుడు డాక్యుమెంట్స్ అనే పేరుతో రెండు చోట్లుంటాయి, ఒకదాంట్లో సేవ్ చేసి ఇంకోదాంట్లో వెతుకుతారు. వాట్సాప్ వెబ్‌లో వచ్చిన ఫైల్‌ను డౌన్‌లోడ్ చేసి దానిమీదే పనిచేస్తే అది డౌన్‌లోడ్స్‌లో ఉంటుంది, అదే ఫైల్ మళ్ళీ డౌన్‌లోడ్ చేస్తే పేరు చివర 1 అని, 2 అని బ్రాకెట్లో అంకె వేసుకుంటూ పోతుంది, మీరు కరెక్షన్లు చేసింది 2 అయితే తెరిచేది మొదటిది, కరెక్షన్లన్నీ మాయం. జిప్ ఫైల్ లోపల ఉన్న డాక్యుమెంట్‌ను బయటకి తీయకుండా అక్కడే డబుల్ క్లిక్ చేసి ఎడిట్ చేస్తే అది టెంప్ ఫోల్డర్లో తెరుచుకుంటుంది, ఔట్‌లుక్‌లో అటాచ్‌మెంట్ నేరుగా తెరిచినా దాదాపు అంతే. వీటిలో చాలావాటికి మందు ఒక్కటే, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో సీ డ్రైవ్ తెరిచి, వర్డ్ ఫైళ్ళ పేరు చివర ఉండే డాక్స్ (.docx) ఎక్స్‌టెన్షన్‌తో వెతికి, మార్చిన తేదీ ప్రకారం సార్ట్ చేయడం. పేరు గుర్తు లేకపోయినా నిన్న సాయంత్రం పనిచేశారని గుర్తుంటుంది కదా, ఆ టైమ్ పట్టిస్తుంది.

డిలీట్ అయిన ఫైల్ దగ్గరకొస్తే రీసైకిల్ బిన్ చూడటం చిన్నపిల్లలకీ తెలుసు. షిఫ్ట్ డిలీట్ కొట్టినా, పెన్‌డ్రైవ్ నుంచి డిలీట్ చేసినా మామూలుగా బిన్‌లోకి రాదు. అయినా హార్డ్ డిస్క్‌లో ఫైల్ లోపలి అక్షరాలు వెంటనే చెరిగిపోవు, ఈ జాగా ఇక ఖాళీ అని లిస్టులో రాసుకుంటుంది అంతే. బస్సులో సీటు మీద కర్చీఫ్ తీసేశారు, మనిషి ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు, వేరేవాళ్ళొచ్చి లేపేదాకా. ఆ వేరేవాళ్ళు ఎవరంటే మీరు కొత్తగా డౌన్‌లోడ్ చేసే ఏదైనా, చివరికి బ్రౌజర్ ఓపెన్ చేస్తే అది రాసుకునే చెత్త కూడా. పైన చెప్పిన తెలియని కుర్రాడు చేసే తప్పు ఇదే, పోయిన ఫైల్ ఉన్న డ్రైవ్‌లోనే రికవరీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి, దొరికిన ఫైళ్ళను మళ్ళీ అదే డ్రైవ్‌లో సేవ్ చేస్తాడు, వాటిలో ఏదో ఒకటి పోయి సరిగ్గా మీ థీసిస్ మీదే కూర్చుంటుంది.

ఇదంతా పాతకాలం తిరిగే హార్డ్ డిస్కుల మాట. ఇప్పుడు వచ్చే ల్యాప్‌టాప్‌లన్నిటిలో దాదాపు ఎస్‌ఎస్‌డీనే, అంటే తిరిగే పళ్ళెం లేని చిప్పుల డిస్క్. దాంట్లో ట్రిమ్ అని ఒకటుంటుంది, ఫైల్ డిలీట్ చేయగానే ఈ జాగాతో పనిలేదు అని విండోస్ ఎస్‌ఎస్‌డీకి చెప్పేస్తుంది, ఎస్‌ఎస్‌డీ తీరిక చూసుకుని దాన్ని నిజంగానే తుడిచేస్తుంది, తుడవకముందు చదవబోయినా చాలావాటిలో సున్నాలే వస్తాయి. అంచేత ల్యాప్‌టాప్ సీ డ్రైవ్‌లో షిఫ్ట్ డిలీట్ కొట్టి బిన్ కూడా దాటిపోతే, ఎవరైనా "గ్యారంటీగా తీస్తా, ఇంత ఇవ్వండి" అంటే నమ్మకండి. అదే పెన్‌డ్రైవ్‌లకీ మెమరీ కార్డులకీ మామూలుగా ఈ ట్రిమ్ వ్యవహారం నడవదు, కాబట్టి విచిత్రంగా చవకరకం పెన్‌డ్రైవ్‌లో పోయిన ఫైలే ఖరీదైన ల్యాప్‌టాప్‌లో పోయిన ఫైల్ కంటే బాగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే మాత్రం క్యాన్సిల్ కొట్టండి.

టూల్స్ విషయంలో, మైక్రోసాఫ్ట్ వాళ్ళదే విండోస్ ఫైల్ రికవరీ అని ఉచితంగా స్టోర్‌లో ఉంది, 2020లో వచ్చింది, కానీ బటన్లు ఉండవు, నల్ల స్క్రీన్‌లో కమాండ్ టైప్ చేయాలి, వెతికే డ్రైవ్ ఒకటి, దొరికినవి పెట్టే డ్రైవ్ ఇంకోటి ఇవ్వాల్సిందే, ఒకే డ్రైవ్ ఇస్తే ఒప్పుకోదు, అది మంచిదే. ఫోటోరెక్ అని ఇంకోటుంది, పేరు చూసి ఫోటోలకే అనుకోకండి, డాక్యుమెంట్లు కూడా తీస్తుంది, అది ఫైళ్ళ లిస్టుని పట్టించుకోకుండా డిస్క్ మీద ముక్కల్ని బట్టి గుర్తుపడుతుంది, అందువల్ల పాత పేర్లు ఉండవు, అంకెలతో వందలాది ఫైళ్ళు ఇచ్చి కూర్చుంటుంది, ఒక్కోటి తెరుచుకుంటూ చూసుకోవాలి. ఓపిక ఉన్నవాళ్ళకి అదే బెస్ట్.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కేసు, ఫైల్ ఉంది కానీ ఓపెన్ అవ్వట్లేదు. ఫైల్ కరప్ట్ అయింది అంటుంది వర్డ్. ఆఫీస్ 2007 నుంచి వస్తున్న డాక్స్ ఫైల్ అనేది నిజానికి ఓ జిప్ ఫైల్, లోపల వర్డ్ అనే ఫోల్డర్, అందులో డాక్యుమెంట్ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్, మీరు టైప్ చేసిందంతా దాంట్లో ఉంటుంది, ఫోటోలు మీడియా అనే ఫోల్డర్లో. ముందు పాడైన ఫైల్‌కి ఓ కాపీ తీసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చి గుర్తులుంటాయి, భయపడకండి, మొదటి రెండు అక్షరాలు ఇంగ్లీషు పీ, కే ఉన్నాయా చూడండి. జిప్ కనిపెట్టిన ఫిల్ కాట్జ్ గారి పేరులో పొడి అక్షరాలవి. అవి ఉంటే లోపల సరుకు ఉన్నట్టే లెక్క. అవి లేకుండా మొదటినుంచి చివరిదాకా ఖాళీ ఖాళీగా ఉంటే, సైజు ఎంత చూపించినా లోపలున్నవి సున్నాలే, సేవ్ అవుతున్న క్షణంలో కరెంటు పోతే ఇలా జరుగుతుంది, ఆ ఫైల్ మీద ఇక టైమ్ పెట్టకుండా ఆటోరికవర్ కాపీలు, వాట్సాప్‌లో పంపినవి వెతుక్కోవడం మేలు.

పీ, కే ఉంటే వర్డ్‌లోనే ఫైల్, ఓపెన్, బ్రౌజ్ చేసి ఫైల్‌ను సెలెక్ట్ చేసి, ఓపెన్ బటన్ పక్కన ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కితే ఓపెన్ అండ్ రిపేర్ వస్తుంది. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే ఎక్స్‌టెన్షన్ జిప్ అని మార్చి, జిప్ ఫైళ్ళు విప్పే సెవెన్‌జిప్‌తోనో, విన్‌రార్‌లో ఉండే రిపేర్‌తోనో తెరవాలి. కాపీ అవుతుండగా పెన్‌డ్రైవ్ లాగేస్తే ఫైల్ తోక తెగిపోతుంది, జిప్‌లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక ఉండేది ఆ తోకలోనే, అందుకే వర్డ్ చేతులెత్తేస్తుంది, పట్టిక లేకపోయినా లోపలి ఫైళ్ళు తీయడానికి ఈ సాఫ్ట్‌వేర్లు ట్రై చేస్తాయి. డాక్యుమెంట్ ఎక్స్ఎంఎల్ బయటపడితే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి, ట్యాగుల మధ్యలో మీ తెలుగు వాక్యాలు నిక్షేపంగా కనపడతాయి. తెలుగు బదులు ఇంగ్లీషు ఏ అక్షరం మీద వాలుగీత, దాని పక్కన టెంపరేచర్ డిగ్రీకి పెట్టే బుల్లి సున్నానో, ప్లస్ కింద మైనస్ గుర్తో వరసగా కనపడుతున్నాయనుకోండి, డేటా పోయిందని డిలీట్ చేసేయకండి. అక్షరాల్ని కంప్యూటర్ అంకెలుగా రాసుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరం 3 బైట్లు తీసుకుంటుంది, సాఫ్ట్‌వేర్ ఆ మూడింటినీ మూడు వేరే అక్షరాలుగా చదువుతోంది, అంతే. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని పెట్టి మళ్ళీ తెరిస్తే తెలుగు వచ్చేస్తుంది.

అను ఫాంట్లతో చేసిన ఫైళ్ళ కథ దీనికి తిరకాసు. పెళ్ళికార్డులు, కరపత్రాలు, సంఘాల వాళ్ళ లెటర్‌హెడ్లు ఇప్పటికీ అందులోనే చేసే షాపులు మన దగ్గర బోలెడు. అది యూనికోడ్ కాదు, అంటే అన్ని భాషల అక్షరాలకీ ఉన్న ఉమ్మడి కోడ్ కాదు, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ, ఫాంట్ వేసుకుని తెలుగులా కనపడతాయి. రికవర్ టెక్స్ట్ ఫ్రమ్ ఎనీ ఫైల్ అని వర్డ్‌లో ఓ ఆప్షన్ ఉంది, అది పాడైన ఫైల్ నుంచి ఉత్త టెక్స్ట్ మాత్రమే లాగి ఇస్తుంది, ఫాంట్లూ టేబుళ్ళూ ఏవీ రావు, అప్పుడు అను ఫాంట్ మేటర్ అంతా ఇంగ్లీషు గజిబిజిలా కనపడుతుంది. షాపులో అమ్మాయి "అంకుల్, మొత్తం పాడైపోయిందండి" అంటుంది. పాడవలేదు తల్లీ, కంట్రోల్ ఏ కొట్టి ముందు వాడిన అను ఫాంటే వెయ్యి, కార్డు మీద పెళ్ళికూతురి పేరు కనపడుతుంది. ఇక పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లోనే చేసేవాళ్ళకి, 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి వెర్షన్ అయినా అందులో ఓ మంచి గుణం ఉంది, పేజీ మారినప్పుడూ ప్రింట్ కొట్టినప్పుడూ మినీసేవ్ అని తనంతట తానే రాసుకుంటుంది, షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఫైల్ మెనూలో రివర్ట్ కొడితే ఆ ఆఖరి మినీసేవ్ దగ్గరకి వెళ్ళిపోవచ్చు. పాతతరం ఆపరేటర్లకి ఇది తెలుసు, కొత్తగా చేరిన పిల్లలకి ఎవరూ చెప్పట్లేదు.

గూగుల్ డాక్స్ వాడేవాళ్ళకి ఈ బాధలు చాలావరకు లేవు, ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఎప్పుడు ఏం మార్చారో కనపడుతుంది, డిలీట్ చేసినా ట్రాష్‌లో 30 రోజులుంటుంది. నెట్ లేనప్పుడు ఆఫ్‌లైన్‌లో టైప్ చేసింది మాత్రం బ్రౌజర్‌లోనే ఉంటుంది, నెట్ వచ్చి సింక్ అయ్యేలోపు స్లో అయిందని బ్రౌజర్ డేటా క్లియర్ చేశారో, అంతే. వర్డ్‌కి బదులు ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లో కూడా ఆటోరికవరీ ఉంది, క్రాష్ తర్వాత తెరవగానే రికవరీ బాక్స్ వస్తుంది.

ఇప్పుడు సెట్టింగులు, రెండే రెండు. వర్డ్ ఆప్షన్స్‌లో సేవ్ అనే చోట 10 నిమిషాలను 2 చేయండి, దాని కిందే ఉన్న, సేవ్ చేయకుండా మూసినా ఆఖరి కాపీ ఉంచు అనే టిక్ ఉందో లేదో చూడండి. అదే ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి బాగా కిందకి దిగితే ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్ కాపీ ఉంటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయండి. అప్పటినుంచి మీరు సేవ్ కొట్టిన ప్రతిసారీ అంతకుముందు సేవ్ చేసిన కాపీ అదే ఫోల్డర్లో బ్యాకప్ ఆఫ్ అని మొదలై, డబ్ల్యూబీకే ఎక్స్‌టెన్షన్‌తో ఉండిపోతుంది. ఎంవీపీ కాలనీ అగ్రిమెంట్ మీద సీతమ్మధారది ఒక్కసారి సేవ్ అయితే పాతది అందులో దొరుకుతుంది, రెండోసారి సేవ్ కొడితే మాత్రం ఆ బ్యాకప్ కూడా సీతమ్మధారదే అయిపోతుంది, ఉండేది ఒక్క అడుగు వెనక్కే. పైగా ఇది అదే డిస్క్ మీద ఉండే కాపీ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్ళో కిటికీ అద్దాలు పగిలి గదుల్లోకి వాన కొట్టింది, టేబుల్ మీద సిస్టమ్ తడిస్తే అసలూ బ్యాకప్పూ రెండూ ఒకేసారి తడుస్తాయి. థీసిస్ లాంటివాటికి రోజూ పని ముగించేటప్పుడు ఫైల్ పేరు చివర ఆ రోజు తేదీ వేసి మీ మెయిల్‌కే మీరు పంపుకోండి, పేరు ప్రతిరోజూ మారుతుంది కాబట్టి ఒకదాని మీద ఇంకోటి పడదు, గైడ్ గారు "ఆ పాత మూడో చాప్టరే బాగుందమ్మా" అన్నా తీసి ఇవ్వొచ్చు.